ఎనిమిది చీరల పడుగు

పడుగు చుట్టను విప్పుకుంటూ కోదండం వీధిలో వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నాలుగు చీరల పడుగు సరిగ్గా చెంగల్రాయుడి అరుగు ముందున్న గుంజ దాకా వస్తుంది, ఎప్పుడూ అక్కడే ఆగి ముడివేసి చేతులు దులుపుకుంటాడు. ఈవేళ అక్కడ ఆగి, చేతిలో ఇంకా సగానికి సగం మిగిలిన చుట్టను చూసుకుని, ఒక్కసారి ఇటువైపు తలెత్తి, మళ్లీ నడిచాడు. ఈ కొసన పోగులు కలిసిపోకుండా వెదురు బద్దను పట్టుకుని నిలబడిన మునిరత్నమ్మకు అతని ముఖం కనిపించలేదు. అంత దూరానికి చూపు ఆనేంత వెలుతురు ఇంకా లేదు, నగరి ముక్కు కొండ వెనక ఆకాశం ఇప్పుడిప్పుడే బియ్యం కడిగిన నీళ్ల రంగుకు వస్తోంది. కనిపించకపోయినా ఆ ముఖం ఎలా ఉంటుందో తెలుసు, కనుబొమలు ముడిపడవు, కోపమున్నా లేనట్టే ఉంటుంది, పై పెదవి మాత్రం కింది పెదవి మీద బిగిసి కూర్చుంటుంది, పదకొండేళ్లుగా చూస్తున్న ముఖం. చూడనీ. వీధంతా చూడనీ. పడుగు పోసింది తను, మూడు రోజులు పెరట్లో మేకుల మధ్య అటూ ఇటూ నడిచి, పిక్కలు బిగుసుకుపోయేదాకా నడిచి పోసింది. నాలుగు చీరలకు పొయ్యమని అతను చెప్పిన తరువాతే, ఆ మాట శుభ్రంగా చెవిన పడిన తరువాతే, ఎనిమిదింటికి పోసింది.

నాలుగు చీరలంటే రెండు వారాల నేత. రెండు వారాలయ్యాక మగ్గం విప్పి, దాని కింది గుంట పూడ్చి, తల్లినీ పెళ్లాన్నీ వెంటబెట్టుకుని చెంగల్పట్టు జిల్లా కుండ్రత్తూరుకు పోవాలని అతని లెక్క. మదరాసు పట్నానికి పన్నెండు మైళ్లు. అక్కడ ఒక షావుకారు వేసిన షెడ్డులో అతని అన్న ఆదికేశవులు మూడేళ్లుగా నేస్తున్నాడు, కొత్తగా వేస్తున్న మగ్గాల్లో ఒకటి తమ్ముడికి చెప్పిపెట్టాడు. ఏ రోజుకు వస్తారో, ఆ ఒక్క మాట తీసుకుపోవడానికి ఈ ఉదయం రైలుకు వస్తున్నాడు. ఏకాంబరకుప్పం స్టేషన్లో దిగి నడిచి వచ్చేసరికి ఎండ పొడుస్తుంది. ఎండ పొడిచేలోగా ఈ పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వడం కూడా అయిపోవాలి, లేకపోతే గంజి అట్ట కట్టి పోగుకు పోగు అంటుకుపోతుంది, ఇక ఆ పడుగు వంటపొయ్యికి తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి ఉన్నది ఒక గంట. పడుగుకూ ఒక గంటే, తనకూ ఒక గంటే.

పడుగును గంజితో తడిపారు, అత్త గంగులమ్మ కుండ మోసుకుంటూ వెనకాలే వచ్చింది, నూకల గంజి, రేషను బియ్యంలో ఏరిన నూకలు, మనుషులు తాగవలసిన గంజి నూలు తాగుతోందని ప్రతిసారీ అనే మాటే అంది. తరువాత కుంచె. వేళ్ల పీచుతో కట్టిన ఆ పొడుగాటి కుంచెను ఇద్దరు పట్టాలి, పడుగుకు ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, ఇద్దరి అడుగూ ఒకటిగా పడాలి, ఒకరు ముందుకు లాగి మరొకరు వెనకబడితే కుంచె ఏటవాలై పోగులు పటపటా తెగుతాయి. అన్నదమ్ములిద్దరూ పట్టిన కుంచె ఇది. అన్న వెళ్లిపోయాక రెండో కొసకు మనిషి లేక ఆమె పట్టుకుంది, మొదటి రోజు వీధిలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, రెండో వారానికి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. అతనికి ఎడమ అడుగు కొంచెం పొట్టి. అది ఎవరికీ తెలియదు, అతనికే తెలియదు, ఆమెకు తెలుసు, ఆ పొట్టి అడుగుకు తన అడుగును కుదించి నడవడం ఎప్పుడు అలవాటయిందో కూడా గుర్తులేదు. ఇలా ఒకరికొకరు ఎదురుగా, మధ్యలో తడి నూలు పెట్టుకుని నడిచే ఈ గంటలో తప్ప వాళ్లిద్దరికీ ఇంత దగ్గరగా, ఇంతసేపు, ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరిక లేదు. తీరిక అనకూడదు. తప్పించుకుపోలేని పని అనాలి.

"ఎన్ని సీరలకు పోసినావు?" కుంచె మొదటి సాలు చెంగల్రాయుడి గుంజ దాటుతుండగా అడిగాడు.

"ఎనిమిదికి."

"నేనెన్ని సెప్పినాను?"

"నాలుగు."

"మరి?"

"నూలు ఎనిమిదికి ఉన్నింది."

అతను ఆగబోయాడు, చెయ్యి సడలింది, కుంచె వంగింది, రెండు పోగులు టప్పున తెగాయి. ఆగడానికి లేదు. అది అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు, తెలిసే కదా ఈ మాటను వీధిలోకి తెచ్చింది, ఇంట్లో అయితే అతను చాపెత్తి దులుపుకుని బయటికి నడిచేవాడు, మగవాడి జవాబు ఎప్పుడూ గడప అవతలే ఉంటుంది. ఇక్కడ అవతల అంటూ ఏమీ లేదు, కుంచె ఉంది, కొస నుంచి కొసకు అరవై అడుగులు వేయాలి, మళ్లీ వెనక్కి అరవై. వెనకనుంచి గంగులమ్మ వంగి తెగిన పోగులను గంజి వేళ్లతో మెలిపెట్టి అతికింది. అరుగు మీద పళ్లు తోముకుంటున్న చెంగల్రాయుడు ఉమ్మి, నోరు తుడుచుకుని, "ఏందప్పా కోదండం, మీ ఆడమనిషి పడుగును ఈడి నుంచే కుండ్రత్తూరు దాకా పరస్తాండాదా ఏంది? రైలు ఖర్చు లేకుండా దీనిమీదనే నడిసి పోతారా?" అన్నాడు. పక్కింటి అరుగు మీద ఎవరో నవ్వారు. కోదండం నవ్వలేదు. ఆమెకు నవ్వొచ్చింది, పెదవి కొరికి ఆపుకుంది, నవ్వితే అడుగు తప్పుతుంది.

కాళ్లే అలా నడిచాయి, నేనేమీ అనుకోలేదు అని చెప్పుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు అలాగే చెప్పుకుంది. కాళ్ల మీదికి తోసేయడం సులభం, పాపం అవి ఎదురు చెప్పవు. నాలుగు చీరల లెక్క పూర్తయిన చోట ఆమె ఆగింది, బుధవారం మధ్యాహ్నం, పెరట్లో ములగ చెట్టు నీడ మూడో మేకు దగ్గరికి వచ్చినప్పుడు, ఆగి పోగును వేలికి చుట్టుకుని నిలబడింది. ఇక్కడ తుంచి ముడివేస్తే పోతున్నట్టు. తుంచకపోతే పోనట్టు. ఇంత పెద్ద సంగతి ఇంత సన్నటి పోగు మీద ఉందా అనుకుంది, అనుకుని, వేలు విడిపించుకుని, ఐదో చీరకు నడక మొదలుపెట్టింది. అప్పుడు ఎవరూ చూడలేదు, కోడి ఒకటి చూసింది. అది కాళ్ల పని కాదు. తన పనే.

పట్నం పట్నం అంటారు. ఆ పట్నమే నాలుగేళ్ల కింద ఈ వీధికి పరిగెత్తుకు వచ్చింది కదా. జపాను వాళ్ల బాంబులు పడతాయని మదరాసు మదరాసంతా గిన్నెలూ పరుపులూ కట్టుకుని రైళ్ల మీద పడి, పుత్తూరులో, నగరిలో, చిత్తూరులో, తిరుపతిలో ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ దిగింది. ఈ ఇంటి ముందుగదిలో పంకజాక్షి అనే గుమస్తా భార్య రెండు నెలలుంది, చేతికి గడియారం పెట్టుకునేది, పొద్దున్నే కాఫీ లేకపోతే తలనొప్పని గుడ్డ కట్టుకునేది. మొదటివారం వీధిలో పడుగు పరచడం చూసి, రోడ్డు మీద ఇలా అందరి ముందూ పని చేయడానికి మీకు సిగ్గు లేదా అని అడిగింది, అడిగిన తీరులో చెడ్డతనం లేదు, నిజంగా తెలుసుకుందామనే. మునిరత్నమ్మ ఏమందో గుర్తులేదు. తరువాత ఒకరోజు పంకజాక్షి తానే వచ్చి తెగిన పోగు అతకడం నేర్చుకుంది, నేర్చుకుని, పట్నంలో తన ఇంటికి ముందు మెట్లున్నాయి, వెనక మెట్లున్నాయి, తను ఎక్కడో మధ్యలో ఉంటుంది, పగలల్లా తను బతికి ఉందని తెలిసే మనిషి కూరగాయల ఆమె ఒక్కతే అంది. ఆ మాటంది, బాంబుల భయం తీరాక ఆ మెట్ల మధ్యకే వెళ్లిపోయింది. ఒక కార్డు రాసింది, పోస్టుమాన్ చదివి చెప్పాడు, క్షేమం అని ఉంది.

కుంచె అవతలి కొస చేరింది. ఇద్దరూ తిరిగారు, చేతులు మార్చుకున్నారు, గంజి వాసన, కుంచెకు రాసిన నువ్వుల నూనె వాసన, ఎవరింట్లోనో రాగి సంగటి అడుగంటుతున్న వాసన. అక్కడ ఈ వాసన లేదు. కుండ్రత్తూరులో. పోయిన నెల చూసి రమ్మని ఆదికేశవులు పిలిస్తే ఇద్దరూ వెళ్లారు. మంచి ఊరే, చెడ్డదనడానికి లేదు, కొండమీద గుడి ఉంది, దగ్గర్లోనే పెద్ద చెరువు ఉంది, షెడ్డుకు రేకుల కప్పు ఉంది, పద్నాలుగు మగ్గాలు వరసగా, ఒకదాని మోత ఒకదానికి వినిపించకుండా. అక్కడ పడుగు ఎవరూ పొయ్యరు, ఎవరూ గంజి పెట్టరు, మిల్లులోనే గంజి పెట్టిన పడుగు పెద్ద చుట్టగా బండి మీద వస్తుంది, మగవాడు దాన్ని మగ్గానికి ఎక్కించి నేస్తాడు, అంతే. ఆడవాళ్లు షెడ్డు వెనక వరస ఇళ్లలో ఉంటారు. తోడికోడలు అలివేలమ్మ ఎదురొచ్చింది. ఈ వీధిలో అలివేలక్క వేలు పడితే తెగిన చోటు పోగుకే తెలియదనేవాళ్లు, పడుగు చాచిన రోజున ఏ ఇంటివాళ్లయినా ముందు ఆమెనే పిలిచేవాళ్లు, పిలిస్తే తలలో పువ్వు సర్దుకుని రాణిలా వచ్చేది. ఇప్పుడు గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది, బుట్ట నిండితే ఒకడు వచ్చి పట్టుకుపోతాడు, ఖాళీ బుట్ట పెట్టిపోతాడు. ఒళ్లు చేసింది, రంగు తేలింది, వెండి పట్టీలు కొత్తవి. "బాగుండాది మునిరత్నా, ఏం తక్కువ లేదు, నీళ్లు కూడా దగ్గిరే," అంది. రెండుసార్లు అంది. మూడోసారి అంటే ఏడుస్తుందేమోనని మునిరత్నమ్మ మాట మార్చి పట్టీలు ఎక్కడ చేయించావని అడిగింది.

అయినా ఆమెను కోసింది అది కాదు. షెడ్డు చివర చిన్న గది, షావుకారు కూర్చునే గది, గోడకు కొక్కెం, కొక్కేనికి ఒక చీర వేలాడుతోంది. నేరేడు పండు రంగు, పసుపు గింజలంచు. షావుకారు లేచి ఆ చీరను కిందికి దించి, కొత్తగా చేరబోయే ఇంకో ఇద్దరు నేతగాళ్ల ముందు పరిచి, అంచును వేలితో చూపించి అరవంలో చెప్పాడు, తరువాత వీళ్లకోసం తెలుగులో చెప్పాడు, సూడండి, మొదటి మూర ఎట్లుండాదో కడపటి మూర అట్లనే ఉండాది, ఒక్క చోట అంచు లోపలికి పీక్కోలేదు, నాకు ఈ చెయ్యి కావాల, ఈ చెయ్యి కోసరమే కోదండాన్ని పిలిపించింది. ఆదికేశవులు తమ్ముడి భుజం తట్టాడు. కోదండం తల వంచుకున్నాడు. అందరూ అది వినయమనుకున్నారు. గుమ్మం బయట నిలబడిన మునిరత్నమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది, ఎందుకు దాచుకుందో, దొంగతనం చేసిన దానిలాగా.

ఎందుకంటే షావుకారు అడిగిన ఆ చెయ్యి తనదే.

పోయిన ఎండాకాలం, యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది, నేతగాళ్ల సొసైటీలో నూలు అరకొర, ఇల్లు గడవక కోదండం రేణిగుంట స్టేషన్లో మిలిటరీ సరుకు మోయడానికి వెళ్లాడు. నాలుగు నెలలు. మగ్గం మీద పడుగు అలాగే ఉండిపోయింది, గంజి పెట్టిన పడుగును నేయకుండా వదిలితే పొడిబారి పెళుసెక్కుతుంది, చీమలు గంజికోసం వస్తాయి, ఎలుకలు చీమల కంటే ముందే వస్తాయి. రెండు వారాలు చూసింది. పదిహేనో రోజు తలుపు గడియపెట్టి గుంటలోకి దిగింది. కాళ్లు తొక్కుడు కర్రల మీద పెట్టగానే పన్నెండేళ్ల పిల్ల అయిపోయింది, పుట్టినూరు ఐరాలలో నాయన పెంచలయ్య మగ్గం, నాయనకు మోకాలి నొప్పి, కూతురిని గుంటలో కూర్చోబెట్టి పైనుంచి చూస్తూ, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూపి, లాగొద్దు, పిలువు, దానంతట అది వస్తాది అనేవాడు. ఒక ఏడాది నేసింది. పెద్దమనిషి అయిన మరునాడు నాయనే వద్దన్నాడు, ఇంక సాలమ్మా, ఆడబిడ్డ గుంటలో కాళ్లు పెట్టకూడదు. నిన్నటిదాకా ఉన్న కాళ్లే కదా నాయనా, అని అడగలేదు. అప్పుడు అడగలేదు. ఇరవై ఏళ్లు ఆ ప్రశ్న లోపలే ఉండి, చివరికి పోయిన ఎండాకాలంలో కాళ్లలోంచి బయటికి వచ్చింది. గంగులమ్మ చూసింది. చూసి, చాటలో చింతపిక్కలు పోసుకుని వెళ్లి గడప అవతల కూర్చుంది, వచ్చేవాళ్లతో కోడలికి జ్వరమని చెప్పింది. మగ్గం చప్పుడుకు తలుపు అడ్డమా? వీధి అంతా నేతగాళ్లే, తొక్కుడు వినగానే ఎవరి కాలో చెప్పేవాళ్లు, విన్నారు, ఒక్కరూ అడగలేదు, చెంగల్రాయుడు మాత్రం ఒకరోజు గంగులమ్మతో, మీ కోడలి జ్వరం నడక బాగుండాదత్తా, ఒక్క తప్పు దరువు లేదు అన్నాడట. ఆ పడుగు అయ్యాక, దొరికిన కొద్దిపాటి నూలుతో ఇంకొకటి, మొత్తం నాలుగు నెలల జ్వరం. ఆ జ్వరంలో నేసినదే ఆ నేరేడు రంగు చీర.

కోదండం తిరిగొచ్చిన వారానికి ఆదికేశవులు వచ్చాడు, ఇంట్లో ఉన్న ఆ చీర మడత విప్పి, ఇది నీ చెయ్యేనా తమ్ముడా అన్నాడు. ఆమె తలుపు వెనక మంచినీళ్ల చెంబుతో ఉంది. కోదండం వెంటనే అనలేదు. ఒక కండె చుట్టేంత సేపు ఊరకున్నాడు. తరువాత ఆఁ అన్నాడు, అన్న ఆ చీరను షావుకారుకు చూపించడానికి పట్టుకుపోయాడు. ఆ ఊరకున్న కాసేపటిని ఆమె ఇప్పటికీ అతని ఖాతాలో మంచి వైపే వేస్తుంది, అది లేకపోతే ఈ కుంచె రెండో కొస ఎప్పుడో వదిలేసేది. కుండ్రత్తూరు నుంచి తిరిగొచ్చే రైల్లో, అరక్కోణం దాటాక, బోగీలో ఎవరూ వినరని తెలిశాక అడిగింది, ఆ చెయ్యి నాది అని ఎందుకు సెప్పలేదు అని. అతను కిటికీలోంచి చూస్తూ, "సెప్తే ఏమొస్తాది? నాకు మగ్గం రాదు, నీకూ రాదు. ఇద్దరికీ లేకుండా పోతాది," అన్నాడు. న్యాయమైన మాటే. అదే బాధ. తప్పు మాట అయితే తిప్పికొట్టవచ్చు.

ఇంకో సాలు. ఈసారి కుంచె తేలిగ్గా జారింది, పోగులు విడివిడిగా, ఒక్కొక్కటి దాని ఒంటితో అది నిలబడినట్టు. నూలు మాట ఏమిటి, ఆమె తనను తనే అడిగింది, మొండితనం చాలు, నూలు మాట చెప్పు. యుద్ధం అయిపోయి ఏడాది కావస్తున్నా నూలు మీద కంట్రోలు పోలేదు, సొసైటీ తలుపు దగ్గర కాళ్లరిగేలా నిలబడితే ఒక నెల ఇస్తారు, ఒక నెల ఖాళీ చేతులు చూపిస్తారు. ఈ పడుగులో వాళ్ల నూలంతా ఉంది, దాచుకున్నది, మొన్న ఇచ్చినది, ఇక ఇంట్లో ఒక్క చిలప నూలు లేదు. అక్కడ షెడ్డులో నూలు ఆగదు. అతను పోదామన్నది పిరికితనంతో కాదు, మళ్లీ స్టేషన్లో మూటలు మోయలేక, మోసిన వీపు ఆమె చూసింది, ఆముదం రాసింది. అది తీసిపారేసే సంగతి కాదు. వచ్చే నెల తినడానికి ఉంటుందా అంటే తెలియదు. తెలియదు అని తనతో తను గట్టిగా అనుకుంది, అనుకున్నాక కొంచెం ధైర్యం వచ్చింది, తెలిసినట్టు నటించడమే ఇన్నాళ్లూ బరువు. కుండ్రత్తూరులో తినడానికి ఉంటుంది. తిని గడప దగ్గర కూర్చుని కండెలు చుట్టాలి. మొదటి చీర కిందికి దిగగానే షావుకారు అంచు చూస్తాడు, కోదండం నేత మంచిదే కానీ అది ఈ చెయ్యి కాదని ఒక్క వేలితో తెలుసుకుంటాడు, అప్పుడు కోదండం మళ్లీ తల వంచుకుంటాడు, ఈసారి దాన్ని ఎవరూ వినయం అనుకోరు. ఈ సంగతి అతనికి తోచలేదా? తోచింది. పడుగు అవతల నడుస్తున్న ఆ ముఖంలో, వెలుతురు వచ్చింది ఇప్పుడు, కనిపిస్తోంది, తోచినట్టే ఉంది.

"అంచు పట్టేస్తాడు వాడు," అంది, అతనికి మాత్రమే వినపడేట్టు.

"తెలుసు."

"తెలిసే పోదామంటివా?"

"అన్న అప్పటికి మాటిచ్చేసినాడు."

"అన్న ఇచ్చిన మాటకు నా చెయ్యి నరికి పంపిస్తావా?"

అతని అడుగు మాత్రం తప్పలేదు. వెనక గంగులమ్మ గంజి కుండ కింద పెట్టి, నడుం పట్టుకుని, "మాటలు తరువాత ఆడుకోండి, ఎండ సూడండి," అంది. నిజంగానే ఎండ తూర్పు వరస ఇళ్ల కప్పుల మీదికి ఎక్కింది, పడుగు ఆ కొసన సన్నగా మెరుస్తోంది. రైలు వచ్చి వెళ్లిన కూత ఎప్పుడో వినిపించింది, వినీ విననట్టు ఊరుకుంది. ఇప్పుడు వీధి మలుపులో గొడుగు, గొడుగు కింద ఇస్త్రీ చొక్కా, కాళ్లకు చెప్పులు, ఆదికేశవులు.

బావగారు వస్తే ఆమె లోపలికి వెళ్లాలి. పదకొండేళ్లుగా తలుపు చాటునుంచే, అత్త నోటితోనే ఆయనతో మాట్లాడింది. కాళ్లు ఒక క్షణం ఇంటివైపు లాగాయి. కుంచె వదిలితే కదా పోవడం. వదల్లేదు.

ఆయన పడుగు కొస దగ్గర ఆగి, చెంగల్రాయుడి గుంజ చూసి, అది దాటి ఇంత దూరం వచ్చిన నూలు చూసి, మళ్లీ గుంజ చూశాడు. "ఏం రా తమ్ముడా, మూటలు కట్టుకొని ఉంటావనుకుంటే పడుగు పరిసినావు? ఇది నెల దినాల పని గదా."

కోదండం తమ్ముడిలా నవ్వబోయి, ఆపి, ఆమెవైపు చూశాడు.

"బావా," అంది మునిరత్నమ్మ. తన గొంతు వీధిలో ఇంత దూరం పోతుందని తనకే తెలియదు. అరుగుల మీద తలలు ఇటు తిరిగాయి. "ఆడ షెడ్డులో నాకొక మగ్గం ఇస్తారా?"

ఆదికేశవులు ముందు తల్లివైపు చూశాడు, ఈ ప్రశ్న అడిగింది ఎవరో తెలియనట్టు. తరువాత నవ్వాడు. "ఆడోళ్లకు మగ్గమేందమ్మా? రాట్నం ఇస్తారు, నీడన కూసుని కండెలు సుట్టుకోవచ్చు. మీ అక్క సుఖంగా లేదా?"

"లేదు," అంది. "అడిగి సూడు. అడిగితే బాగుండాదంటాది, రెండుసార్లంటాది. అది పక్కన పెట్టు. మీ షావుకారు గోడకు తగిలించుకున్నాడే నేరేడు సీర, అది నేను నేసినాను. ఆ చెయ్యి కావాలంటే అది రాట్నం తిప్పేదానికి రాదు. అది రాదు. నేను రాను."

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కింద నిలబడడానికి ఏమీ లేకుండా. "ఏం రా?" అన్నాడు తమ్ముడితో.

కోదండం కుంచె పట్టిన చేతులవైపు చూసుకున్నాడు. ఆ ఊరకోవడం ఆమెకు తెలుసు, అప్పుడు తలుపు వెనక చెంబుతో విన్నదే, ఇప్పుడు ఎదురుగా చూస్తోంది, ఎంతసేపైనా ఉండనీ, ఆఁ అంటే అననీ, అతను రైలెక్కితే ఎక్కనీ, ఎనిమిది చీరలూ తను ఒక్కతే నేస్తుంది, తలుపు బార్లా తీసి నేస్తుంది.

"అవునన్నా," అన్నాడు కోదండం. "అది నా నేత గాదు."

"నాలుగు నెలల జొరం," అన్నాడు చెంగల్రాయుడు అరుగు మీంచి. "మాకందరికీ తెలిసిందే గదప్పా, నీకొక్కనికే ఎవురూ సెప్పలేదు. మాకేం పని అని."

"ఇంక నేనాడ ఏమని సెప్పేది?" ఆదికేశవులు గొంతు లేచింది, కోపం కంటే అవమానం ఎక్కువ, అది చూసి ఆమెకు ఒక్క నిమిషం జాలేసింది, అన్నీ తెలిసిన వీధిలో ఏమీ తెలియని మనిషి. "వాయిదా సెప్పి వచ్చినాను. నా ముఖం యాడ పెట్టుకునేది?"

"ఉండేదే సెప్పు," అంది గంగులమ్మ. "మా ఇంట్లో బాగా నేసేది కోడలని సెప్పు. నేను కన్నోళ్లిద్దరూ కాదని సెప్పు. నాకేం సిగ్గు లేదు."

గంజి ఆరుతోంది. మునిరత్నమ్మకు చేతి కింద తెలుస్తోంది, ఇంకో రెండు సాళ్లు తీయకపోతే నడిమి భాగం గట్టిపడుతుంది, ఎండ అరుగు దిగింది, అయినా ఇద్దరు మగవాళ్లూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఆదికేశవులు పక్కనే, మోకాలి ఎత్తులో, ఒక పోగు తెగి వేలాడుతోంది. దాని పక్కన ఇంకొకటి. తడి పడుగు పక్కన చేతులు ఖాళీగా నిలబడడం ఈ వీధిలో ఎవరూ చేయరు, పగవాడి పడుగయినా వంగి ఒక్క పోగు అతికే పోతారు, అది మర్యాద అని కూడా ఎవరూ అనుకోరు, చెయ్యి దానంతట అది పోతుంది. మూడేళ్లుగా మిల్లు పడుగు నేస్తున్న చెయ్యి పోలేదు.

"బావా," అంది, "నీ పక్కనే రెండు తెగినాయి, సూడు. ఎండొస్తాంది."

ఆయన ఆమె ముఖం చూశాడు, బహుశా మొదటిసారి. గొడుగు మూశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చెంగల్రాయుడి అరుగుకు ఆనించి, చెప్పులు విడిచి, తల్లి చాచిన కుండలో రెండు వేళ్లు ముంచి, వంగాడు.

మునిరత్నమ్మ కుంచెను తనవైపు సరిచేసుకుని, అవతలి కొస పట్టుకున్న కోదండాన్ని చూసి, "నడువు," అంది.